సూర్రావు మేస్త్రికి ఒక గోడ

ఇటుకకు కాలం చెల్లిందని మొట్టమొదట కనిపెట్టింది ఆధునిక నివాస మండలి వారు. ఇటుకంటే మట్టి, మట్టంటే వెనకబాటు, వెనకబాటంటే గత ప్రభుత్వం అని వాళ్ళు ఒక సదస్సు పెట్టి తేల్చారు. పైగా ఇటుక గోడకు నీళ్ళు పెట్టాలి, ఆరనివ్వాలి, మేస్త్రి టీ తాగి వచ్చేదాకా ఆగాలి. మండలి వారికి అంత తీరిక లేదు. అందుకని కొందరు అధికారులు కుటుంబ సమేతంగా విదేశాలకు వెళ్ళి పొడిగోడను చూసి వచ్చారు. పొడిగోడ అంటే మరేం లేదు. రెండు అట్టల మధ్య సుద్ద పోసి నొక్కితే పలక అవుతుంది. ఇనప చట్రానికి అటొక పలక, ఇటొక పలక బిగిస్తే అదే గోడ. మధ్యలో ఉండేది గాలి. ఆ గాలిక్కూడా అంచనాల్లో ధర వేశారని తర్వాత తెలిసింది.

కాలనీ ప్రారంభోత్సవం నాడు ముఖ్య అతిథి గోడను వేలితో కొట్టి చూశారు. గోడ డప్పులా మోగింది. మండలి అధ్యక్షులు వెంటనే మైకు అందుకుని, "గోడలకు చెవులుంటాయని మన పెద్దలు అన్నారు. మన మండలి గోడలకు నోరు కూడా ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఆ కాలనీలో నాకూ ఒక ఇల్లు వచ్చింది మరి.

నా పేరు వాసంశెట్టి ధనరాజు. జూనియర్ కాలేజీలో లాబ్ అసిస్టెంటుని. ఇంట్లో నేను, మా ఆవిడ మంగతాయారు, మా అమ్మ లోవమ్మ ఉంటాం. నాన్న కూడా మాతో కొత్తింటికి వచ్చాడు, కాకపోతే ఫొటోగా వచ్చాడు. అంతకు ముందు ఎండాకాలంలో వడదెబ్బ తగిలి పోయాడు.

నాన్న తాపీమేస్త్రి. సూర్రావు మేస్త్రి అంటే మా వైపు పల్లెల్లో తెలియనివాళ్ళు తక్కువ. బడి గోడలు, రైసుమిల్లు గోడలు, రామకోవెల ప్రహరీ, పోలీసు స్టేషను లాకప్పు, అన్నీ ఆయన చేతి మీద లేచినవే. తనకంటూ మాత్రం ఒక్క గోడ కట్టుకోలేదు. పోయేదాకా అద్దె ఇళ్ళలోనే ఉన్నాడు. అందుకే ఇల్లు వచ్చిందని తెలిసిన రోజున అమ్మ అన్నిటికంటే ముందు ఆయన ఫొటో తుడిచి పెట్టెలో సర్దింది.

ఇంట్లో అడుగు పెట్టగానే అమ్మ గోడ దగ్గరికి వెళ్ళి, వేళ్ళ కణుపులతో తట్టి, చెవి పెట్టి వింది.

"ఏరా అబ్బాయ్, ఇది గోడా, తలుపా?"

"గోడేనమ్మా."

"మీ నాన్న చూడకపోవడమే మంచిదైంది" అంది.

మా ఇళ్ళల్లో పోయినవాళ్ళ ఫొటో దక్షిణపు గోడకే ఉండాలి. తూర్పు దేవుళ్ళది, పడమర కిటికీది, ఉత్తరం వీధి తలుపుది. మా హాలుకి దక్షిణపు గోడ ఒక్కటే ఉంది. అది మాకూ, పక్కింటి సాల్మన్ రాజు గారికీ ఉమ్మడి. ఫొటో కూడా సామాన్యమైనది కాదు. నాన్న స్నేహితుడు అప్పన్న అనే వడ్రంగి, ప్రేమ కొద్దీ పాత టేకు మంచం కోళ్ళు కోసి దానికి చట్రం కట్టాడు. ఆ ఫొటో ఎత్తాలంటే నడుముకు తువ్వాలు బిగించాల్సిందే.

మేకు పెట్టి సుత్తితో ఒక దెబ్బ వేశాను. మేకు మాయమైంది. వంగలేదు, జారలేదు, గోడలోకి నడిచి వెళ్ళిపోయింది. ఎక్కడో అడుగున టంగుమని చప్పుడైంది. రెండో మేకు కూడా దాని వెనకే పోయింది. పట్టు వదలకుండా బజారుకు వెళ్ళి జానెడు మేకు తెచ్చాను. అది నిలబడింది. నాన్నను తగిలించాం. అమ్మ సంతోషంగా బంతిపూల దండ తేవడానికి వంటింట్లోకి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోగా నాన్న, మేకు, భోజనం పళ్ళెమంత గోడ ముక్క కలిసికట్టుగా కిందికి దిగాయి. అప్పన్న ప్రేమ వల్ల అద్దం పగల్లేదు. నా కాలి బొటనవేలికి అంత అదృష్టం లేదు.

కన్నం అటువైపుకి కూడా పడింది. అందులోంచి ఒక చెయ్యి వచ్చింది. చేతిలో అటువైపు రాలిన నా జానెడు మేకు ఉంది.

"ఆయ్, ఇది మీదేనాండి?" అన్నాడు సాల్మన్ రాజు. ఆయన బస్సు డ్రైవరు. ఇంత మర్యాదస్తుడు బస్సు ఎలా నడుపుతాడా అని నాకు ఎప్పుడూ అనుమానమే. "మా క్యాలెండరు కూడా దిగిపోయిందండి. పర్లేదండి, నెలాఖరేగదా."

అమ్మ నవ్వలేదు. ఫొటోను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, చట్రానికి అంటిన సుద్ద కొంగుతో తుడిచింది.

"సంవత్సరీకం లోపు మీ నాన్న గోడ మీదుండాలిరా. ఊరందరికీ గోడలు కట్టినోడు. ఆయనకో గోడ లేకపోతే ఎలా?"

అలాగేనమ్మా అన్నాను. సంవత్సరీకానికి ఇంకా మూడు నెలలుంది. ఒక కన్నానికి మూడు నెలలు ఎందుకు, మూడు రోజులు చాలనుకున్నాను. అప్పటికి నాకు మండలి సంగతి తెలియదు.

పొడిగోడ కన్నం పూడ్చడం బ్రహ్మవిద్యేమీ కాదు. హార్డ్‌వేర్ షాపులో అడిగితే సామాను ఇచ్చి పద్ధతి కూడా చెప్పారు. కన్నాన్ని చతురస్రంగా కోసి, వెనకాల ఒక చెక్కపట్టీ దూర్చి మరలు బిగించాలి. దాని మీద కొత్త పలక ముక్క సరిపెట్టి, అంచుల వెంట జాలీ టేపు అంటించి, పుట్టీ పట్టించి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది రంగు వేయాలి. ఫొటో తగిలించే మర ఆ చెక్కపట్టీలోకి దిగితే ఇక అది కదలదు. ఆదివారం పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించాను. అటువైపు పలక సంగతి కూడా చూస్తానంటే సాల్మన్ రాజు, "ముందు మీది కానివ్వండి, పెద్దాయన ముఖ్యం" అన్నాడు. అమ్మ వచ్చి గోడ మీద అరచెయ్యి వేసి రాసి చూసింది.

"మీ నాన్న చెయ్యంత కాదుగానీ, పర్లేదు" అంది. ఆమె నోటి నుంచి అంతకు మించిన బిరుదు నాకు మళ్ళీ రాలేదు.

రంగు ఆరాక సోమవారం పొద్దున ఫొటో ఎత్తబోతుంటే వీధిలో జీపు ఆగింది. అందులోంచి సఫారీ సూటు ఒకటి దిగింది. దాని వెనకాల టేపు పట్టుకుని ఒక బంట్రోతు దిగాడు.

"ముక్కామల హయగ్రీవం. గోడల సమగ్రతా విభాగం, పర్యవేక్షణాధికారిని" అన్నాడాయన. "మీ గృహమందు రంధ్రం ఒకటి నెలకొని ఉన్నట్లు విశ్వసనీయ సమాచారం."

"ఉండేదండి. నిన్ననే పూడ్చేశాను."

ఆయన మొహం చూస్తే, ఇంట్లో శవాన్ని పూడ్చానని చెప్పినట్లుంది.

"ఎవరి అనుమతితో?"

"నా ఇల్లే కదండీ."

"ఇల్లు మీది. గోడ మండలిది. మండలి గోడలో పడిన రంధ్రం మండలికే చెందుతుంది. మీరు ప్రభుత్వ రంధ్రాన్ని మాయం చేశారు."

గోడ అవతలి నుంచి సాల్మన్ రాజు గొంతు బాధగా వినిపించింది. "ఆయ్, నేనే చెప్పానండి ఆఫీసులో. చెప్పకపోతే తప్పంటారేమోనని. మా వైపుది మాత్రమే చెప్పానండి, మీ ఊసు ఎత్తలేదండి."

"ఎత్తనవసరం లేదు" అన్నాడు హయగ్రీవం. "సదరు రంధ్రం ఉభయ గృహాలకూ చెందినదని మా దస్త్రాల్లో నమోదైంది. రంధ్రం అన్నాక రెండు వైపులా ఉండాలి. ఒకవైపు ఉండి రెండోవైపు లేకపోతే దాన్ని రంధ్రమనరు, గూడు అంటారు. పక్కవారి గృహంలో ఇప్పుడు అనుమతి లేని గూడు ఒకటి వెలసింది. దానికి కారకులు మీరు."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటారు?"

"యథాపూర్వ స్థితి పునరుద్ధరణ. వారం రోజుల్లోగా రంధ్రాన్ని యథాస్థానంలో, యథాపరిమాణంలో నెలకొల్పాలి. నెలకొల్పినట్లు మేము ధ్రువీకరించాలి. ఆపైన మరమ్మతు కోరుతూ మీరు దరఖాస్తు పెట్టుకోవచ్చు."

అమ్మ ఇదంతా శ్రద్ధగా విని అడిగింది. "అంటే బాబూ, బాగున్న గోడని పగలగొట్టి, పగిలిపోయిందని మీకు చెప్పుకుని, మళ్ళీ మీచేత కట్టించుకోవాలా?"

"సరిగ్గా గ్రహించారమ్మా" అన్నాడాయన ఎంతో సంతోషించి. "సామాన్య ప్రజలకు ఇంత త్వరగా బోధపడటం చాలా అరుదు."

కన్నం మళ్ళీ పెట్టకపోతే ఇంటి కేటాయింపు రద్దవుతుందని ఆయన వెళ్తూ వెళ్తూ మృదువుగా చెప్పి వెళ్ళాడు. మర్నాడు సుత్తి తీసుకున్నాను. విచిత్రం ఏమిటంటే, మండలి కట్టిన గోడ ఫొటో బరువుకే రాలిపోయింది గానీ నేను వేసిన అతుకు ఒక పట్టాన ఊడలేదు. అవతలి నుంచి సాల్మన్ రాజు పళ్ళెం ఆనించి కొలత చూపించాడు. ఇద్దరం చెమటోడ్చి మొత్తానికి ప్రభుత్వ రంధ్రాన్ని ప్రభుత్వానికి వెనక్కి ఇచ్చాం.

హయగ్రీవం వచ్చి భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచాడు.

"ఇందులో కృత్రిమత్వం కనిపిస్తోంది. అసలు రంధ్రం సహజంగా ఏర్పడినది. ఇది ప్రయత్నపూర్వకంగా చేసినది. రెండూ ఒకటేనని గెజిటెడ్ అధికారి సంతకం కావాలి."

మా ప్రిన్సిపాల్ గారిని బతిమాలి ఇంటికి తీసుకొచ్చాను. మార్కుల జాబితాల నకళ్ళ మీద సంతకం పెట్టడమే తప్ప కన్నాలకు పెట్టడం ఆయనకీ కొత్త. కాస్సేపు దూరం నుంచి చూశాడు. తర్వాత దగ్గరికి వెళ్ళి తల లోపల పెట్టాడు. అటువైపు సాల్మన్ రాజు భార్య ఎస్తేరమ్మ మర్యాదగా కాఫీ అందించింది. ఆ భంగిమలోనే కాఫీ తాగి, తల బయటికి తీసి, పెన్ను అడిగి, 'అసలుతో సరిచూడబడినది' అని రాసి సంతకం చేశాడు. అధికారిక ముద్ర మాత్రం గోడ మీద వేయబోతే నేనే ఆపి కాగితం మీద వేయించాను.

కాగితాలు పట్టుకుని మండలి కార్యాలయానికి వెళ్ళాను. హయగ్రీవం అన్నీ తిరగేసి, అంతా సక్రమంగా ఉందని మెచ్చుకుని, దరఖాస్తు తిరస్కరించాడు.

"పరిమాణం చాలదు" అన్నాడు. "మా ధరల పట్టిక ప్రకారం పొడిగోడ మరమ్మతుకు కనీస కొలత చదరపు మీటరు. మీది పళ్ళెం. పళ్ళేనికి మా పట్టికలో ధర లేదు. ధర లేనిదానికి పని లేదు."

"అయితే పట్టికలో చేర్చండి."

"పట్టిక మార్చాలంటే మంత్రివర్గం కూర్చోవాలి. రంధ్రం పెంచాలంటే మీరొక్కరు నిలబడితే చాలు. ఏది సులభమో మీరే ఆలోచించండి."

అప్పుడు సిగ్గు విడిచి చెప్పాను. "అయ్యా, నాకు రంధ్రంతో పనిలేదు. మా నాన్న ఫొటో పెట్టుకోవాలి. సంవత్సరీకం దగ్గరికి వస్తోంది. మా అమ్మ రోజూ ఆ కుర్చీ వంక చూసి మొహం తిప్పుకుంటోంది. నేను చూడలేకపోతున్నాను."

హయగ్రీవం కళ్ళజోడు తీశాడు. మనిషి కరిగాడనుకున్నాను.

"మీ బాధ నాకు అర్థమైంది. కానీ గోడ మా పరిధి. ఫొటో మీ పరిధి. మధ్యలో మేకు ఎవరి పరిధిలోకి వస్తుందో స్పష్టత కోరుతూ ప్రభుత్వానికి రాశాం. జవాబు రాలేదు" అని మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నాడు.

రంధ్ర ప్రామాణీకరణ అనే కార్యక్రమం ఒక మంచి రోజు చూసి జరిగింది. బంట్రోతు కొబ్బరికాయ కొట్టాడు. నేను రంపం పట్టాను. చదరపు మీటరు కొలతకు కోసుకుంటూ పోతే మధ్యలో ఇనప చట్రం అడ్డొచ్చింది. కొలత తగ్గకూడదన్నాడు హయగ్రీవం. చట్రాన్ని కోశాం. చట్రం పట్టు తప్పగానే దాన్ని నమ్ముకుని ఉన్న రెండువైపుల పై పలకలూ ఒక పక్కకు ఒరిగి, అటూ ఇటూ చూసి, నిదానంగా కిందికి వచ్చేశాయి. సాల్మన్ రాజు హాలు మాకు, మా హాలు వాళ్ళకు నిండుగా కనిపించాయి. అప్పుడు వాళ్ళు భోజనం చేస్తున్నారు. లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

ఆ తర్వాత మా రెండు కుటుంబాల మధ్య దాపరికాలు పోయాయి. అమ్మ వాళ్ళ టీవీలో సీరియల్ చూడటం మొదలుపెట్టింది. ఎస్తేరమ్మ మా పోపు వాసన పట్టి ఉప్పు చాలదని చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ళు ప్రార్థనకు కూర్చుంటే మేం మిక్సీ ఆపేవాళ్ళం. మేం దీపం పెడితే వాళ్ళు టీవీ తగ్గించేవారు. వాళ్ళు మంచివాళ్ళు కాబట్టి సరిపోయింది గానీ మంగతాయారుకి ప్రాణం మీదికి వచ్చింది.

"మొగుడితో చనువుగా ఓ మాట లేదు, కోపంగా ఓ మాట లేదు" అంది ఒకరోజు గుసగుసగా. "నిన్న మిమ్మల్ని తిడుతుంటే అటునుంచి సాల్మన్ రాజు గారు, 'పోనియ్యండమ్మా, మగాళ్ళు అంతేనండి' అన్నారు. నేనింక తిట్టడం కూడా మానేశాను. ఇలా అయితే కాపురం ఎలా చెయ్యనండి?"

కొత్త కొలతలతో మళ్ళీ కార్యాలయానికి పరిగెత్తాను. హయగ్రీవం లెక్క వేశాడు. ఆయన మొహంలో మొదటిసారి ఆందోళన కనిపించింది.

"గోడలో సగానికి మించి పోయింది. నిబంధన ప్రకారం సగం లోపు ఉంటేనే అది గోడలో రంధ్రం. సగం దాటితే అది రంధ్రంలో గోడ. అది మా విభాగం కాదు. పునర్నిర్మాణ విభాగానికి బదలాయిస్తున్నాను."

"ఆ విభాగం ఎక్కడండి?"

ఆయన పక్క కుర్చీ చూపించాడు. అది ఖాళీగా ఉంది. దాని అధికారి దీర్ఘకాలిక సెలవులో ఉన్నాడట. అదనపు బాధ్యతలు హయగ్రీవానివే. ఆయన నా కళ్ళ ముందే ఉత్తరం రాసి, సంతకం పెట్టి, లేచి, చుట్టూ తిరిగి వచ్చి, పక్క కుర్చీలో కూర్చుని, ఆ ఉత్తరం విప్పి చదివాడు.

"ఇది ఎవరు రాశారో గానీ ఏమీ స్పష్టంగా లేదు" అన్నాడు విసుగ్గా. "వివరణ కోరాలి."

వివరణ కోరుతూ తనకు తానే రాసుకున్నాడు. దానికి పది రోజులు గడువు ఇచ్చుకున్నాడు. గడువు చివరి రోజున, ఆ కుర్చీ వాడు ఎప్పుడూ ఇంతే, పని తెలియదు, అని నాతో ఫిర్యాదు చేశాడు. ఏ కుర్చీలోంచి అన్నాడో నాకు ఇప్పుడు గుర్తులేదు.

మూడు నెలలూ అలా కరిగిపోయాయి. అమ్మ మాత్రం నన్ను ఒక్క మాట అనలేదు. పొద్దున్నే లేచి కుర్చీలో ఫొటో తుడిచి, గోడ ఉండాల్సిన వైపు ఒకసారి చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఆమె తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

చివరికి పునర్నిర్మాణ విభాగం నిర్ణయం వచ్చింది. గోడ కట్టాలంటే స్థలం ఖాళీగా ఉండాలి. పాత గోడ ముక్కలు ఇంకా అక్కడే ఉన్నాయి కనుక, గోడ స్థలాన్ని గోడ ఆక్రమించుకుని ఉన్నట్లు లెక్క. ముందు ఆక్రమణ తొలగించాలి. అన్ని నెలలుగా మాకు ఒక్క పనివాడిని పంపని మండలి, కూల్చడానికి మాత్రం తెల్లవారేసరికి లారీ నిండా మనుషుల్ని పంపింది. టీ కాగేలోగా దక్షిణపు గోడ అనేది లేకుండా పోయింది. నేల మీద సుద్దగీత మాత్రం మిగిలింది.

"మరి కొత్త గోడ ఎప్పుడండి?" అని అడిగాను.

"మంజూరు వచ్చే ఆర్థిక సంవత్సరంలో ఉండవచ్చు" అన్నాడు హయగ్రీవం.

"సంవత్సరీకం ఎల్లుండండి."

"నిరుత్సాహపడకండి ధనరాజు గారూ. ఒక్కసారి సానుకూల దృక్పథంతో చూడండి. గోడ లేదు. గోడ లేనప్పుడు రంధ్రం ఎక్కడిది? కాలనీ మొత్తం మీద రంధ్ర రహిత గృహంగా మీది ప్రథమ స్థానంలో నిలిచింది. సాల్మన్ రాజు గారిది ద్వితీయం. ధ్రువపత్రం నేనే స్వయంగా వచ్చి అందజేస్తాను. పత్రికల వారు కూడా వస్తారు."

నాకు ఆ క్షణాన ఆయన్ని గట్టిగా ఒకటి కొట్టాలనిపించింది. కొడితే ఎక్కడ కన్నం పడుతుందో, దానికి మళ్ళీ ఎన్ని దరఖాస్తులు పెట్టాలో అని ఊరుకున్నాను.

సంవత్సరీకం రోజు వచ్చింది. చుట్టాలు మా హాల్లో పట్టక సాల్మన్ రాజు గారి హాల్లోకి కూడా సర్దుకున్నారు. ఎస్తేరమ్మ గారెల పిండి రుబ్బింది. నాన్నకు ఇష్టమని రొయ్యల ఇగురు, పరవాన్నం, పులిహోర వండారు. ఆకు పక్కన పెట్టడానికి ఒక చుట్ట కూడా తెచ్చాం. అన్నీ అమర్చాక అందరూ ఫొటో కోసం చూశారు. ఫొటో కుర్చీలో ఉంది. కుర్చీని దక్షిణం వైపు జరపబోయాను.

"వద్దురా" అంది అమ్మ. "ఏడాది దినాన కూడా కుర్చీలోనేనా? ఓపిక లేని మనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి ఉంచామురా ఇన్నాళ్ళూ. ఆయన ఏనాడూ కూర్చుని ఎరగడు."

కుర్చీ వదిలేశాను. చుట్టాలు తలలు దించుకున్నారు. వీధిలో జీపు ఆగింది.

హయగ్రీవం కొత్త సఫారీలో దిగాడు. వెనకాల ఫొటోగ్రాఫరు ఉన్నాడు. లోపల ఏం జరుగుతోందో ఆయన గమనించలేదు. ఇంతమంది జనం తన కోసమే వచ్చారనుకున్నాడు.

"ధ్రువపత్రం రంధ్రమున్న స్థానంలోనే ప్రదానం చేయవలెనని నిబంధన" అంటూ నేరుగా వెళ్ళి నేల మీద సుద్దగీత చూసుకుని, ఒకప్పుడు గోడ ఉన్న చోట ఉత్తరానికి తిరిగి నిటారుగా నిలబడ్డాడు. నన్ను పిలిచి చేతిలో కాగితం పెట్టాడు. ఫొటోగ్రాఫరు ఒక ఫొటో తీసి, సరిగ్గా రాలేదు, కదలకుండా అలాగే ఉండండి సార్ అన్నాడు.

అమ్మ ఆయన వైపు చూసింది. కింద నుంచి పైదాకా ఒక్కసారి కొలిచి చూసింది. తర్వాత కొంగు నడుముకు బిగించి, కుర్చీలోంచి నాన్నను రెండు చేతులా ఎత్తుకుని వెళ్ళి ఆయనకు అందించింది.

"ఇది పట్టుకోండి బాబూ."

సన్మానాలకు అలవాటుపడిన చేతులవి. చట్రం కట్టిన వస్తువు ఎవరిచ్చినా వాటంతట అవే చాచుకుంటాయి. అందుకుని, ఛాతీకి ఆనించి, కెమెరా వైపు చిరునవ్వు నవ్వాడు. ఫొటో తీయడం అయ్యాక కిందికి చూసుకున్నాడు. పెద్ద మీసాలతో నాన్న కనిపించాడు.

"ఇదేమిటమ్మా?"

"మా ఆయనండి. గోడ లేదుగదా బాబూ. కాసేపు నిలబడండి" అంది అమ్మ. "కొంచెం పైకి. ఎడంపక్క దిగింది."

ఆయన తెలియకుండానే సరిచేశాడు. వెనక నుంచి సాల్మన్ రాజు, "ఆయ్, ఇటునుంచి చూస్తే సమంగానే ఉందండి" అన్నాడు.

అమ్మ బంతిపూల దండ వేసింది. అది సగం నాన్న మీద, సగం ఆయన గడ్డం మీద పడింది. బొట్టు పెట్టింది. అగరొత్తులు వెలిగించింది. పొగంతా ఆయన ముక్కులోకి పోయింది. చేతులు ఖాళీ లేవు కాబట్టి దగ్గలేక మింగాడు. చుట్టాలు ఒక్కొక్కరే వచ్చి వంగి దణ్ణం పెట్టి పోతున్నారు. మొదటి ఇద్దరికీ ఆయన అలవాటు కొద్దీ తల ఊపాడు. మూడో మనిషి దగ్గర మానేశాడు.

"అమ్మా, నాకు జిల్లా కేంద్రంలో సమీక్షా సమావేశం ఉంది" అన్నాడు.

"కాకి ముట్టేదాకా ఆగండి బాబూ" అంది అమ్మ.

మంగతాయారు ఆకు పట్టుకుని మేడ మీదికి వెళ్ళింది. కాలనీ కట్టేటప్పుడు మండలి వారు చెట్లన్నీ కొట్టేశారు. కాకి రావాలంటే బైపాస్ అవతలి నుంచి రావాలి. ఫొటోగ్రాఫరు కెమెరా సర్దుకుని ఒక మూల చతికిలబడ్డాడు. జీపు డ్రైవరు లోపలికి తొంగి చూసి, పరిస్థితి గ్రహించి, చెప్పులు విప్పి వచ్చి దణ్ణం పెట్టుకున్నాడు.

అమ్మ నాన్న ఎదురుగా నిలబడి చేతులు జోడించింది. పోయిన రోజున కూడా నలుగురిలో కన్నీళ్ళు పెట్టని మనిషి, ఇప్పుడు వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ ఆగలేదు. మంగతాయారు మెట్ల మీద నుంచి, ఎస్తేరమ్మ తన హాల్లోంచి కళ్ళు తుడుచుకున్నారు. హయగ్రీవానికి ఎటు చూడాలో తెలియలేదు. ముందుకు చూస్తే అమ్మ, కిందికి చూస్తే నాన్న. ఏదో నిబంధన చెప్పబోతున్నట్టు నోరు తెరిచాడు గానీ ఏదీ రాలేదు. తర్వాత ఫొటోను మరి కాస్త పైకెత్తి పట్టుకున్నాడు.

"బరువుగా ఉన్నారమ్మా" అన్నాడు మామూలు మనిషి గొంతుతో.

"ఉంటారు బాబూ" అంది అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ. "గోడలు కట్టిన మనిషి."